తాళం లేని డబ్బా

మా వీధిలో పిల్లల మత్తు అలవాట్ల మీద మీటింగు పెట్టినప్పుడల్లా మైకు ముందుగా నా చేతికే ఇచ్చేవారు. ఆటోనగర్‌లో లారీలకు రంగులేసే షెడ్డు నాది. పాతికేళ్ళ పైమాటే ఆ పనిలో ఉండి. చందా అడిగితే లేదనను. ఫ్లెక్సీ కట్టాలంటే నిచ్చెన నా షెడ్డులోంచే వస్తుంది, కట్టే కుర్రాళ్ళూ నా దగ్గర నుంచే వెళ్తారు. అందుకని గాజువాకలో మా కాలనీ సంఘం వాళ్ళు నన్ను ఒక పెద్దమనిషిని చేశారు. ఆ పెద్దరికం నాకు బాగా రుచించింది. దాన్ని భుజాన వేసుకుని నేనెంత తెలివితక్కువగా నడుచుకున్నానో చెప్పుకోవాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. మొన్న మా వాడే "రాయి నాన్నా, నా పేరు మాత్రం వద్దు" అన్నాడు. అందుకే రాస్తున్నాను.

మైకు పట్టుకుంటే నేను గంజాయి గురించే మాట్లాడేవాణ్ణి. అందులో నాకు తెలియనిది లేదనుకునేవాణ్ణి. ఒడిశా సరిహద్దు కొండల్లో పండే శీలావతి రకానికి బయటి రాష్ట్రాల్లో ఎందుకంత గిరాకీయో చెప్పేవాణ్ణి. సీలేరు, చింతపల్లి, జి.మాడుగుల, పెదబయలు వైపు నుంచి ఘాట్ రోడ్లు దిగి, నర్సీపట్నం మీదుగా వచ్చి సరుకు పదహారో నంబరు హైవే ఎలా ఎక్కుతుందో చేత్తో గాల్లో గీసి చూపించేవాణ్ణి. 2021 చివర్లో పోలీసులు 'పరివర్తన' పేరుతో ఏజెన్సీలో వేల ఎకరాల తోటలు నరికించిన సంగతీ, 2022 ఫిబ్రవరి 12న అనకాపల్లి దగ్గర కోడూరులో అప్పటి డీజీపీ గౌతమ్ సవాంగ్ చేతుల మీదుగా సుమారు 2 లక్షల కిలోల గంజాయి తగలబెట్టిన సంగతీ తేదీలతో సహా నోటికి వచ్చు. "లారీ అడుగున దొంగ అర కట్టి సరుకు దాస్తారు. ఆ అర ఎక్కడో ఒక షెడ్డులో ఎవరో ఒక మేస్త్రి వెల్డింగ్ చేస్తేనే కదా తయారయ్యేది. మన ఆటోనగర్ వాళ్ళం అలాంటి పని ముట్టుకోకూడదు" అనేవాణ్ణి. చప్పట్లు కొట్టేవారు. ఆ మాటలు తప్పని ఇప్పుడూ అనను. కానీ ఆ మాటలన్నిటిలోనూ మత్తు ఎక్కడో కొండల మీద పుట్టి, ఎవరో తెలియనివాళ్ళు మోసుకొచ్చి, గంజాయి బ్యాచ్ అని మనం పిలిచే కుర్రాళ్ళు అమ్మితే మన వీధిలోకి వచ్చే వస్తువు. నా షెడ్డులోనూ, నా ఇంట్లోనూ దానికి చోటు లేదు. అదే నా మొదటి మూర్ఖత్వం. మిగతావన్నీ దాని వెంటే వచ్చాయి.

చెడిపోయిన పిల్లాడంటే నా మనసులో ఒక బొమ్మ ఉండేది. జుట్టుకు రంగు, సైలెన్సర్ తీసేసిన బండి, రాత్రి పదకొండయినా హైవే పక్కన టీ బడ్డీ దగ్గర నిలబడటం. మా వాడు అలా ఉండడు. పొద్దున్నే తల దువ్వుకుని, వాళ్ళమ్మ పెట్టిన బొట్టుతో బడికి వెళ్తాడు. ఆదివారాలు, సెలవుల్లో నాతోపాటు షెడ్డుకొస్తాడు. లారీ తలుపులకు వాటర్ పేపర్ పట్టడం, పుట్టీ కలపడం, రంగును పలుచన చేసే తిన్నరుతో స్ప్రే గన్ కడగడం వాడికి వచ్చు. "చదువుతోపాటు చేతిపనీ నేర్పుతున్నాను" అని మీటింగుల్లో నన్ను నేనే ఉదాహరణగా చెప్పుకున్నాను. ఏ పిల్లాడు ఖాళీగా ఉండడో వాడు చెడిపోడని కూడా అన్నాను.

2024 చివర్లో రాష్ట్రంలో ఈగల్ అనే ప్రత్యేక పోలీసు విభాగం వచ్చింది. 1972 నంబరుకు ఎవరైనా ఫోన్ చేసి చెప్పొచ్చన్నారు. 'డ్రగ్స్ వద్దు బ్రో' అని గోడల మీద రాశారు. ఆ ఏడే డిసెంబరు 7న రాష్ట్రమంతా ప్రభుత్వ బళ్ళలో ఒకే రోజు తల్లిదండ్రుల మీటింగు జరిగింది. నేనూ వెళ్ళాను. మా వాడప్పుడు తొమ్మిదో తరగతి. మార్కుల కాగితం చేతికిచ్చి టీచరమ్మ, "మధ్యాహ్నం క్లాసుల్లో తల వాల్చేస్తున్నాడండీ. తలనొప్పంటాడు. అన్నం కూడా సగం పారేస్తున్నాడు" అని చెప్పింది. కళ్ళు పరీక్ష చేయిస్తానన్నాను. చేయించాను కూడా. కళ్ళజోడు వచ్చింది, తలనొప్పి పోలేదు. ఆవిడ చెప్పిన మూడు ముక్కల్నీ నేను పక్కపక్కన పెట్టి చూసుకోలేదు.

మా వీధి ఆడవాళ్ళది వేరే దారి. వాళ్ళు డ్వాక్రా గ్రూపు లెక్కలు చూసుకోవడానికి రామాలయం మండపంలో కూర్చునేవారు. ఆ లెక్కలయ్యాక పిల్లల మాట ఎత్తడం మొదలుపెట్టారు. వార్డు సచివాలయంలో పనిచేసే మహిళా పోలీసు అమ్మాయి వచ్చి వాళ్ళతోపాటే చాప మీద కూర్చునేది. వాళ్ళకు మైకూ లేదు, ఫ్లెక్సీ లేదు. చేసినవి కూడా చిన్న పనులే. ఎవరి పిల్లాడు ఎవరితో తిరుగుతున్నాడో చూసుకుని ఆ ఇళ్ళ ఫోన్ నంబర్లు ఒక నోటుబుక్కులో రాసుకున్నారు. రాత్రి ఎనిమిదిన్నరకల్లా పిల్లలు ఇంట్లో ఉండాలని అన్ని ఇళ్ళకూ ఒకే టైము పెట్టుకున్నారు. దాంతో "వాళ్ళమ్మ ఒప్పుకుంది, నువ్వే ఒప్పుకోవు" అనే మాట పిల్లల నోట్లోంచి పోయింది. కిళ్ళీ బడ్డీ అతని దగ్గరికి నలుగురు కలిసి వెళ్ళి, పద్దెనిమిదేళ్ళ లోపు వాళ్ళకు సిగరెట్ అమ్మడం 2003 చట్టం ప్రకారం నేరమనీ, బడికి వంద గజాల లోపల అసలు అమ్మకూడదనీ చెప్పొచ్చారు. పోట్లాడలేదు, అతని కూతుర్ని కూడా వాళ్ళ ట్యూషన్ గుంపులో చేర్చుకున్నారు. వారానికోసారి రాత్రి భోజనాలయ్యాక ఇద్దరు ముగ్గురు కలిసి ఖాళీ స్థలం చుట్టూ నడిచొచ్చేవారు. కనిపించిన పిల్లాడిని తిట్టేవారు కారు, "మీ అమ్మ ఎదురుచూస్తోంది, పద" అని వెంటబెట్టుకుని తీసుకొచ్చేవారు.

నేనివి పొద్దుపోని కబుర్లనుకున్నాను. మా ఆవిడ ఒకరోజు "నేనూ వెళ్తానండీ" అంది. "మనింట్లో ఏం లోటొచ్చిందని? నువ్వు వెళ్తే మనవాడికే ఏదో ఉందనుకుంటారు" అన్నాను. ఆ తర్వాతి మీటింగులో నేనే దూబగుంట గురించి మాట్లాడాను. 1992లో నెల్లూరు జిల్లాలో ఆ ఊరి ఆడవాళ్ళు అక్షరాస్యత పుస్తకంలో పాఠం చదువుకుని సారా దుకాణం మూయించారనీ, రోశమ్మ లాంటి వాళ్ళు నిలబడబట్టి ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చిందనీ గొంతెత్తి చెప్పాను. అప్పుడు నాకు పద్దెనిమిదేళ్ళు, ఆ రోజులు బాగా గుర్తు. దూబగుంట ఆడవాళ్ళను మెచ్చుకుని ఇంటికొచ్చిన నాకు, నా ఇంటి ఆడమనిషిని గడప దాటొద్దన్న సంగతి మనసుకు తగల్లేదు.

ఈమధ్యే ఐస్‌లాండ్ దేశం గురించి చదివాను. అక్కడ 1998లో పదిహేను, పదహారేళ్ళ పిల్లల్లో నూటికి 42 మంది గత నెలలో ఒళ్ళు తెలియకుండా తాగామని చెప్పారట. 2016 నాటికి ఆ లెక్క 5కు పడిపోయింది. గంజాయి ఎప్పుడైనా తాగామన్నవాళ్ళు 17 శాతం నుంచి 7కు, రోజూ సిగరెట్ కాల్చేవాళ్ళు 23 శాతం నుంచి 3కు తగ్గారు. వాళ్ళు చేసిన పనుల్లో ముఖ్యమైనవేమిటంటే, తల్లిదండ్రులంతా కలిసి ఒక ఒప్పందం రాసుకోవడం, పిల్లలు రాత్రి ఇంటికి చేరే వేళ ఊరంతటికీ ఒకటే పెట్టుకోవడం, పెద్దవాళ్ళు రాత్రిపూట గుంపుగా వీధుల్లో తిరగడం, పిల్లలకు ఆటలకూ పాటలకూ డబ్బు, చోటు ఇవ్వడం, ఏటా బళ్ళలో పిల్లల్ని అడిగి లెక్కలు తీసుకోవడం. ఆటలకు చోటు, ఏటా లెక్కలు మా వీధి ఆడవాళ్ళ చేతిలో లేవు. మిగతా మూడూ మా రామాలయం మండపంలో జరుగుతున్నవే. నేను వాటి పక్కనుంచే బండి మీద వెళ్ళేవాణ్ణి.

మా షెడ్డులో ఒక హెల్పర్ కుర్రాడుండేవాడు. పలాస అవతలి పల్లె. పదహారేళ్ళుంటాయేమో, నేను ఆధార్ అడగలేదు. తెలిసినవాళ్ళు తీసుకొచ్చి అప్పజెప్పారు, షెడ్డులోనే పడుకునేవాడు. పనిమంతుడు. ఒకరోజు మధ్యాహ్నం అందరూ అన్నాలకు లేచాక నా దగ్గరికొచ్చి నిలబడ్డాడు. "బాబూ, సిన్నబాబు తిన్నరు డబ్బా కాడ ఊరికే కూకుంటన్నాడు. మూత తీసి ఉంచుతన్నాడు. నాను సెప్పినానని అనకండి" అన్నాడు. "నీ పని నువ్వు చూసుకోరా. వాడు గన్ కడుగుతున్నాడు" అన్నాను. ఇంకో మాట అనకుండా వెళ్ళిపోయాడు. ఆ కుర్రాడికి ఆ మాట చెప్పడానికి ఎంత ధైర్యం కావలసి వచ్చిందో ఇప్పుడు తెలుస్తోంది. జీతమిచ్చేవాడి ముందుకొచ్చి అతని కొడుకు మీద చెప్పాడు. నేను కనీసం కూర్చోబెట్టి ఏం చూశావురా అని అడగలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు మా వాడి కళ్ళు ఎర్రగా ఉంటున్నాయని నాకూ అనిపించింది. నోటి చుట్టూ, ముక్కు కింద కందినట్టు ఎర్రగా పొక్కింది. మండపంలో కూర్చునే వాళ్ళలో అంగన్‌వాడీలో పనిచేసే ఒకావిడ ఉంది, నన్ను అన్నయ్యా అంటుంది. "అన్నయ్యా, బాబు మూతి చుట్టూ ఆ ఎరుపేంటి? ఒకసారి డాక్టరుకు చూపించండి" అంది. మొటిమల వయసమ్మా అన్నాను. కానీ మనసులో పురుగు తొలిచింది. గంజాయి గురించి అంత తెలిసినవాణ్ణి కదా, దానికి పరీక్ష కిట్ ఉంటుందని కూడా తెలుసు. దూరంగా ఉన్న మందుల షాపుకు వెళ్ళి కొన్నాను. అరచేతిలో పట్టేంత తెల్ల ప్లాస్టిక్ ముక్క. ఒక చివర చిన్న గుంట, మధ్యలో కిటికీ లాంటి సందు, దాని పక్కన రెండు ఇంగ్లీషు అక్షరాలు, సి, టి అని. మా వాణ్ణి బెదిరించి మూత్రం పట్టించి, డ్రాపర్‌తో చుక్కలు వేసి, బాత్‌రూమ్ గట్టు మీద పెట్టి చూస్తూ నిలబడ్డాను. తడి మెల్లగా పాకింది. మొదట పై గీత తేలింది. తర్వాత కింద ఇంకో గీత తేలింది. గీత వచ్చిందంటే దొరికాడనుకుని నా కాళ్ళు వణికాయి. కాగితం తీసి చదివితే దాంట్లో ఉన్నది వేరు. ఈ కిట్‌లో రెండు గీతలొస్తే లేనట్టు, ఒకటే వస్తే ఉన్నట్టు. రెండోసారి చదివి, మా ఆవిడను పిలిచి చూపించాను. "మనవాడు బంగారం" అన్నాను. మా వాడు తలుపు దగ్గర నిలబడి నా మొహం చూశాడు. వాడు ఆ పూట నాకు చెబుదామనే అనుకున్నాడట. నేను అంత సంతోషపడటం చూసి మానేశాడట.

ఆ కిట్ గంజాయిని ఒక్కదాన్నే పట్టుకుంటుంది. తిన్నరులో ఉండే టోలుయిన్ అనే రసాయనాన్ని పట్టుకోదు. ఆ ముక్క కాగితం మీద వేరే రాసి ఉండాల్సిన అవసరం లేదు. దేనికోసం కొన్నామో దానికే పనికొస్తుంది. నేను వెతికింది నేను మైకులో చెప్పిన వస్తువునే, అది లేదని తేలగానే వెతకడం ఆపేశాను.

బయటపెట్టింది మా ఆవిడ. బట్టలుతికే ముందు బడి సంచీ దులుపుతుంటే లోపలి జిప్పులో ఉండచుట్టిన గుడ్డపీలిక దొరికింది. దాని అంచున ఎర్రటి మరక. రక్తం కాదు, రెడ్ ఆక్సైడ్. లారీ ఛాసిస్‌కు మేము కొట్టే ప్రైమర్. ఆ గుడ్డ ఏ షెడ్డు నుంచి వచ్చిందో ఆవిడ ఎవరినీ అడగనక్కర్లేకపోయింది. "వాసన నాకు ఎన్నాళ్ళనుంచో వస్తోందండీ. మీ చొక్కాలదే అనుకున్నాను" అంది. ఇన్నేళ్ళూ నేను రోజూ సాయంత్రం ఒంటిమీద మోసుకొచ్చిన వాసనది. ఇంకో ఇంట్లో అయితే తల్లి ముక్కు మొదటిరోజే పట్టేసేది. మా ఇంట్లో ఆ వాసన నాన్న ఇంటికొచ్చిన గుర్తు.

ఆ తర్వాత నేను చేసినవి గుర్తు తెచ్చుకోవడం కష్టంగా ఉంది. కొట్టాను. బెల్టుతో. మర్నాడు షెడ్డుకు వెళ్ళి, అందరూ చూస్తుండగా పలాస కుర్రాణ్ణి పిలిచి, నా కొడుకును పాడు చేసింది నువ్వేనన్నాను. వాడు ఏదో చెప్పబోయాడు. వారం కూలి బల్లమీద పడేసి, సంచీ తీసుకుని వెళ్ళిపొమ్మన్నాను. వాడు నన్ను ముందే హెచ్చరించాడన్నది అప్పుడు నాకు గుర్తులేక కాదు. గుర్తుంది. గుర్తుండబట్టే ఎదురుగా ఉంచుకోలేకపోయాను. ఇందులో నాకు అన్నిటికన్నా సిగ్గనిపించేది ఇదే.

ఊరు మారిస్తే మారతాడనుకున్నాను. నర్సీపట్నం దగ్గర మా చెల్లెలింట్లో దింపి, కాలనీలో అడిగినవాళ్ళకు మలేరియా వచ్చింది, గాలి మార్పుకు పంపామన్నాను. అక్కడ షెడ్డు లేదు, తిన్నరు లేదు. కానీ ప్రతి బండి ట్యాంకులోనూ పెట్రోలుంది, ప్రతి సందు మొదట్లోనూ పంక్చర్ షాపుంది, అందులో సొల్యూషన్ ట్యూబుంది. మా బావ ఫోన్ చేసి "బావా, మీవాడు పంక్చరు షాపు దగ్గర పడిపోయాడు" అనేదాకా నాకది తట్టలేదు. వెళ్ళి వాణ్ణి ఇంటికి తీసుకొచ్చాను. ఈలోగా ఎవరో చెబితే అన్నంలో కలిపిపెట్టే పొడి కూడా కొన్నాను. అందులో ఏముందో అమ్మినవాడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. పిల్లాడికి విరేచనాలయ్యాయి.

మా ఆవిడ నాకు చెప్పకుండా మండపానికి వెళ్ళింది. నేను భయపడినట్టు ఎవరూ చెవులు కొరుక్కోలేదు. అంగన్‌వాడీ ఆవిడ, "వదినా, మీరే మొదటివాళ్ళనుకుంటున్నారా" అని, తన తమ్ముడి సంగతి చెప్పిందట. మర్నాడు పొద్దున్నే ఆవిడా, మా ఆవిడా కలిసి మా వాణ్ణి తీసుకుని బస్సెక్కి చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలకు వెళ్ళారు. నాకు తెలిసి షెడ్డులోంచి పరుగెత్తాను. "పిచ్చాసుపత్రికి తీసుకెళ్తారా వాణ్ణి" అని గేటు దగ్గర అరిచాను. మా ఆవిడ నా మీద ఎన్నడూ గొంతు పెంచని మనిషి. "మీ పరువు బయట పెట్టి లోపలికి రండి" అంది.

డాక్టరు చిన్నవాడే. ఓపిగ్గా చెప్పాడు. తిన్నరు ఆవిరి ఊపిరితిత్తుల నుంచి క్షణాల్లో మెదడుకు వెళ్తుందట. రోజుల తరబడి పీలిస్తే మెదడులో తెల్లపదార్థం దెబ్బతింటుంది, మతిమరుపు, వినికిడి తగ్గడం, నడక తూలడం, కిడ్నీలు పాడవడం ఉంటాయట. అన్నిటికన్నా భయపెట్టిన మాట వేరే ఉంది. పీల్చిన పిల్లాడి గుండె లయ తప్పి ఉన్నట్టుండి ఆగిపోవచ్చు, అది మొదటిసారే కూడా కావచ్చు. అందుకే ఆ మైకంలో ఉన్న పిల్లాణ్ణి పట్టుకుంటే తరమకూడదు, కొట్టకూడదు, బెదరగొట్టకూడదు, గాలి తగిలేచోట నెమ్మదిగా కూర్చోబెట్టాలన్నాడు. నేను బెల్టు తీసిన రోజు గుర్తొచ్చి నా చేతులు చల్లబడ్డాయి.

2019లో ఢిల్లీ ఎయిమ్స్ వాళ్ళు దేశమంతటి సర్వే లెక్కలు బయటపెట్టారనీ, మద్యం, గంజాయి, మిగతా అన్ని మత్తుల్లోనూ పెద్దవాళ్ళ శాతమే ఎక్కువగా ఉంటే, ఈ పీల్చే మత్తులో మాత్రం పిల్లల శాతం ఎక్కువనీ ఆయన చెప్పాడు. పది నుంచి పదిహేడేళ్ళ పిల్లల్లో 1.17 శాతం, పెద్దవాళ్ళలో 0.58 శాతం. నేను మీటింగుల్లో చెప్పిన లెక్కల్లో ఈ ఒక్కటి ఎప్పుడూ లేదు. పెద్దవాళ్ళ మత్తు గురించి పిల్లల తల్లిదండ్రులకు చెబుతూ వచ్చాను.

"కేసవుతుందా సార్?" అని అడిగాను. అది నా గుండెల్లో ఎన్నాళ్ళుగానో ఉన్న భయం. తిన్నరు అసలు మాదకద్రవ్యాల చట్టం కిందికే రాదన్నాడు. గంజాయి తాగేవాడైనా సరే, తనంతట తాను గుర్తింపు ఉన్న ఆసుపత్రికి వచ్చి చికిత్స పూర్తి చేసుకుంటే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలోని 64ఎ సెక్షన్ రక్షణ ఇస్తుందట. ఎవరికి చెప్పాలో తెలియకపోతే 14446 నంబరుకు ఫోన్ చేయొచ్చట. ఇన్ని మీటింగుల్లో పోలీసులకు పట్టించే నంబరు నేను వందసార్లు చెప్పాను. చికిత్సకు దారి చెప్పే నంబరు ఒక్కసారీ చెప్పలేదు. ఆ మాటలు విని ఎంతమంది తల్లులు నోరు మూసుకుని ఇంటికెళ్ళారో.

చివర్లో ఆయన నన్నడిగాడు. "ఆ తిన్నరు డబ్బా ఎక్కడుంటుందండీ?"

"షెడ్డు గుమ్మం పక్కన సార్."

"తాళం?"

"తిన్నరుకు తాళమేంటి సార్..." అని సగంలో ఆగిపోయాను.

పీల్చే మత్తు మాన్పించడానికి దానికంటూ ప్రత్యేకమైన మాత్ర లేదు. మాట్లాడించడం, నిద్ర, తిండి సరిచేయడం, ఇంట్లోవాళ్ళకు నేర్పడం, మళ్ళీ మళ్ళీ రమ్మనడం. చేరువలో లేకుండా చేయడం. కౌన్సెలింగులో మా వాడు చెప్పిందే నేను ఎక్కువ నేర్చుకున్నది. మొదట గన్ కడిగేటప్పుడు తల తేలికైనట్టనిపించిందట. లెక్కల పరీక్ష పోయిన రోజు కావాలనే పీల్చాడట. ఎవరూ నేర్పలేదు. పలాస కుర్రాడు రెండుసార్లు చేతిలోంచి గుడ్డ లాక్కుని పారేశాడట. "వాణ్ణెందుకు పంపేశావు నాన్నా" అని డాక్టరు ముందే అడిగాడు.

ఇప్పుడు షెడ్డులో తిన్నరు, ఎన్‌సీ పెయింటు, హార్డెనర్ అన్నీ ఇనప బీరువాలో ఉంటాయి. పొద్దున్న ఆ రోజు పనికి ఎంత కావాలో అంతే మేస్త్రి చేతికి కొలిచి ఇస్తాను, సాయంత్రం మిగిలింది కొలిచి లోపల పెడతాను. తడి గుడ్డలన్నీ మూతున్న ఇనప డ్రమ్ములో పడాలి, ఎవరి జేబులోకీ వెళ్ళకూడదు. మొదటి నెల మేస్త్రులు విసుక్కున్నారు. తర్వాత తిన్నరు ఖర్చే తగ్గింది, నిప్పు భయమూ తగ్గింది. పద్దెనిమిదేళ్ళ లోపు వాళ్ళను రంగు పనిలో పెట్టడం మానేశాను. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం ప్రకారం పద్నాలుగు దాటినవాళ్ళనైనా మండే పదార్థాలతో చేసే పనిలో పెట్టకూడదు. ఆ చట్టమున్నా నేను పెట్టుకున్నాను, నా కొడుకునూ పెట్టాను.

మా వాడు మధ్యలో ఒకసారి జారాడు. బండి ట్యాంకు మూత దగ్గర. కానీ ఆ రాత్రే వాళ్ళమ్మకు తనంతట తానే చెప్పాడు. ఆవిడ వెంటనే అంగన్‌వాడీ ఆవిడకు ఫోన్ చేసింది, నేను ఊరుకున్నాను. ఊరుకోవడం నేర్చుకోవడానికి నాకు చాలా కష్టమైంది. ఇప్పుడు పదో తరగతి పుస్తకాలు తీస్తున్నాడు. తలనొప్పి అప్పుడప్పుడూ ఉంది. బాగైపోయాడని నేను ఎవరితోనూ అనను.

పలాస అవతలి ఆ పల్లెకు వెళ్ళాను. కుర్రాడి తల్లి జీడి పిక్కలు కొట్టే పనికి వెళ్ళొచ్చి ఉంది, వేళ్ళు నల్లగా ఉన్నాయి. నేనెవరో చెప్పగానే మంచం వాల్చకుండానే అడిగింది, "మా గుంటడు దొంగతనం సేసినాడా బాబూ? ఊళ్ళో అలాగే అనుకుంటన్నారు." సీజను మధ్యలో పని పోయి ఇంటికొచ్చిన కుర్రాణ్ణి ఊరు ఇంకేమనుకుంటుంది? నేనా సంగతి ఒక్కసారైనా ఆలోచించలేదు. అరుగుల మీద ఉన్నవాళ్ళు వినేలా, మీవాడు ఏ తప్పూ చేయలేదు, తప్పంతా నాదేనని చెప్పాను. ఆవిడ కళ్ళు తుడుచుకుని, అయితే ఎందుకు పంపించేసినారంది. దానికి నా దగ్గర జవాబు లేదు. కుర్రాడు చెన్నైలో ఉన్నాడట, అక్కడా బళ్ళకు రంగులేసే షాపులోనే. నంబరిచ్చింది. ఫోన్ చేస్తే ఎత్తి, నా గొంతు గుర్తుపట్టి, "పనిలో ఉన్నాను బాబూ" అని పెట్టేశాడు. మళ్ళీ ఎత్తలేదు. వాడు ఏ షాపులో పడుకుంటున్నాడో, అక్కడ డబ్బా ఎక్కడ పెడుతున్నారో నాకు తెలియదు.

మొన్న రామాలయం మండపంలో జరిగిన మీటింగులో ఇదంతా చెప్పాను. మైకు లేదు, చాప మీద కూర్చునే చెప్పాను. ఆటోనగర్ నుంచి కొందరు షెడ్డు ఓనర్లను నేనే బతిమాలి తీసుకొచ్చాను. లేత్ పనివాళ్ళు, బాడీ బిల్డింగ్ వాళ్ళు, టైర్ల షాపు వాళ్ళు. బీరువా సంగతి చెబితే ఇద్దరు ఖర్చెక్కువన్నారు. ఒకాయన "మా హెల్పర్లు పిల్లలు కాదండీ, పనివాళ్ళు" అని లేచి వెళ్ళిపోయాడు. అప్పుడు అంగన్‌వాడీ ఆవిడ అడిగింది. "మేమంటే మా పిల్లల కోసం వస్తున్నాం. మీ షెడ్డుల్లో పడుకునే గుంటల అమ్మానాన్నలు ఒడిశాలోనూ శ్రీకాకుళంలోనూ ఉంటే, వాళ్ళ తరఫున ఈ మీటింగుకి ఎవరు రావాలి అన్నయ్యా?"

షెడ్డు ఓనరే రావాలన్నాను. కొంతసేపు వాదనలయ్యాయి. చివరికి తేలిందేమిటంటే, నోటుబుక్కులో కొత్త పేజీ తీసి, ఒక్కో షెడ్డులో ఉన్న కుర్రాళ్ళ పేర్లు, వయసులు, ఊళ్ళో తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు రాయడం. నెలకోసారి ఓనరే ఆ ఇంటికి ఫోన్ చేసి కుర్రాడి ఎదురుగానే మాట్లాడటం. వయసు తక్కువున్నవాళ్ళను రంగు పని నుంచి, పంక్చరు పని నుంచి తప్పించడం. వచ్చినవాళ్ళలో సగం మందే పేర్లు రాయించారు. మిగిలినవాళ్ళ షెడ్డులకు వచ్చే సోమవారం నుంచి నేనూ, మా ఆవిడా కలిసి వెళ్తున్నాం.